మక్తల్ నుంచి మందచెలక దాకా ఆరు రోజులు

దేవరకొండకు పడమరగా ఉన్న మా ఊరిలో మా కుటుంబానికి నాలుగెకరాల ఎర్రనేల ఉంది. పట్టాదారు పాసు పుస్తకంలో దానికి సర్వే నంబరే ఉంటుంది గానీ, ఊళ్లో అందరూ దాన్ని మందచెలక అనే పిలుస్తారు. మా తాత బతికి ఉన్న రోజుల్లో ఏటా ఉగాది దాటగానే పాలమూరు పడమటి ఊళ్ల నుంచి నడిచి వచ్చే గొర్రెల మంద ఆ చెలకలో నాలుగైదు రాత్రులు దిగేది. కాపరులకు జొన్నలు కొలిచి పోసి, ఒక పూట అన్నం పెట్టి పంపేవాళ్లు. ఆ ఏడు అక్కడ వేసిన పంట పక్క చెలకల్లోని పంట కంటే ఎత్తుగా, ముదురు ఆకుపచ్చగా ఎదిగేది. ఆ మంద రావడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది.

జీవాలు తగ్గిపోయాయి కాబట్టి రావడం లేదనుకుందామంటే లెక్కలు ఒప్పుకోవు. 2012 పశుగణనలో తెలంగాణలో 1.28 కోట్ల గొర్రెలు ఉంటే, 2019 నాటికి అవి 1.91 కోట్లకు పెరిగాయి. ఆ 2019 లెక్కల్లో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం మన రాష్ట్రానిదే. మరి ఇన్ని జీవాలు ఉండి మంద ఎందుకు నడవడం లేదు? దాని నడక ఆగిన తర్వాత అది నడిచిన నేలకు ఏమైంది? ఈ రెండు సంగతులు తెలుసుకోవాలని, ఆ మంద బయలుదేరిన మక్తల్ ప్రాంతం నుంచి అది వచ్చి దిగిన మా చెలక దాకా, కొంత బస్సులో, కొంత మందల వెంట కాలినడకన, ఈ వేసవి మొదట్లో ఆరు రోజులు తిరిగాను.

మొదటి రోజు, గురువారం: మక్తల్

మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, మరికల్ మీదుగా మక్తల్ చేరేసరికి ఎండ ముదిరింది. పాలమూరు వలస అనగానే మనకు మట్టిపనికీ కట్టడాల పనికీ దేశమంతా తిరిగిన కూలీలు గుర్తుకు వస్తారు. అదే నేల నుంచి, వాళ్లకు ఎన్నో తరాల ముందు నుంచి, కురుమలూ గొల్లలూ మందలు తోలుకుని సాగించిన వలస ఇంకొకటి ఉంది. ఎక్కడ ఏ నెలలో గడ్డి ఉంటుందో, ఏ వాగులో ఎన్నాళ్లు నీళ్లు నిలుస్తాయో, ఏ ఊళ్లో మంద దింపుకునే రైతులు ఉన్నారో తెలిసినవాళ్లు చేసిన వలస అది.

మక్తల్‌కు దగ్గరి పల్లెలో డెబ్బై దాటిన ఒక కురుమ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన ఇంటి పంచలో గుంత మగ్గం ఉంది. దాని మీద ఇప్పుడు పాత సంచులు ఆరవేసి ఉన్నాయి. నల్లగొర్రె ఉన్నిని కత్తిరించి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసిన గొంగడి వానకు గొడుగుగా, చలికి దుప్పటిగా, రాత్రి పరుపుగా కాపరికి పనికి వచ్చేది. పంచాయితీలకు పరిచేది గొంగడే, బీరప్ప పండుగకు భుజాన వేసుకునేదీ గొంగడే. మిల్లు దుప్పట్లు చవకగా రావడంతో గొంగడి కొనేవాళ్లు తగ్గారు. ఉన్నికి ధర లేకపోయాక, ఉన్ని కత్తిరించిన కూలి కూడా గిట్టుబాటు కాదని కాపరులు నల్లగొర్రెను వదిలి, ఉన్ని లేని, ఎత్తుగా పెరిగే, మాంసానికి పనికి వచ్చే నెల్లూరు జాతి పొట్టేళ్లను మందలోకి దింపారు.

నల్లగొర్రె అంటే దక్కనీ జాతి. శరీరం చిన్నది, మాంసం తక్కువ, కానీ రోజుల తరబడి నడవగలదు, ఎండిన గడ్డి మీద బతకగలదు, ఆరుబయట చలికి ఒంటి మీది ఉన్నే దానికి కాపు. దాని స్థానంలో వచ్చిన గొర్రె ఎక్కువ తూగుతుంది గానీ, అంత దూరం నడిపిస్తే చిక్కిపోతుందని పెద్దాయన అన్నాడు. 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకం కింద సహకార సంఘాల సభ్యులకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున, 1.25 లక్షల రూపాయల యూనిట్‌ను 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు. ఆ జీవాలను పక్క రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు. చేతిలో ఏమీ లేని కుటుంబాలకు అది ఆదరువు అయిందన్న మాటను నేను కాదనను. అయితే పథకం జీవాలను ఇచ్చింది గానీ మేతను ఇవ్వలేదు. ఇరవై ఒక్క జీవాలతో ఎవరూ వలస పోలేరు. పోవాలంటే నాలుగైదు ఇళ్ల జీవాలు కలిసి మంద కావాలి, మందకు ఒక పెద్ద కావాలి, దారి తెలిసినవాడు కావాలి. ఇంటింటికీ ఇరవై జీవాలు వచ్చి చేరినప్పుడు అవన్నీ ఊరి చుట్టూ ఉన్న మేత మీదే పడ్డాయి.

“మా నాయిన మందల నాలుగు నూర్ల జీవాలు ఉండె, ఏడాదిల నాలుగైదు నెలలు ఊర్లనే లేకపోతుండె. ఇప్పుడు నా కొడుకుకు అరవై జీవాలు, పన్నెండు నెలలు ఊర్లనే,” అన్నాడు పెద్దాయన. ఈ ప్రయాణంలో నేను విన్న మాటలన్నింటిలో నాకు ఎక్కువ పనికి వచ్చింది ఇదే.

రెండో రోజు, శుక్రవారం: బంచరాయి

పొద్దున ఏడు దాటాక పెద్దాయన కొడుకు వెంట అరవై జీవాలతో నడిచాను. ఊరికి ఉత్తరాన గుట్ట కింద ఉన్న బంచరాయికి వెళ్లాం. నిజాం కాలం నాటి రెవెన్యూ లెక్కల్లో పశువుల మేతకు వదిలిన ఊరుమ్మడి నేలను బంచరాయి అంటారు. దానికి తోడు చెరువు ఎండినప్పుడు బయటపడే శిఖం, గుట్టలు, వాగు ఒడ్లు, బీళ్లు అన్నీ కలిస్తే ఊరి మేత అయ్యేది. ఈ ఊరి బంచరాయిలో కొంత భాగాన్ని గతంలో భూమిలేని కుటుంబాలకు లావుణి పట్టాలుగా పంచారు. తరతరాలుగా సెంటు భూమికి నోచుకోని వాళ్లకు ఇచ్చిన ఆ నేలను నేను తప్పు పట్టలేను. మిగిలిన దానిలో కొంత మొక్కల పెంపకానికి కంచె వేశారు, కొంత పక్క పొలాల్లో కలిసిపోయింది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామానికి తిరిగి అప్పగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరిలో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పు సంగతి నేను చెప్పేదాకా ఈ యువకుడికి ఎవరూ చెప్పలేదు.

మిగిలిన నేల ఎలా ఉందో కొంచెం వివరంగా చెప్పాలి. దూరం నుంచి చూస్తే పచ్చగానే కనిపించింది. దగ్గరికి వెళితే ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం తంగేడు, సర్కారు తుమ్మ, వయ్యారిభామ. తంగేడును జీవాలు ముట్టవు, వయ్యారిభామ మేతకు పనికి రాదు. సర్కారు తుమ్మ ఆకును వదిలేసి కాయను మాత్రం ఇష్టంగా తింటాయి, తిన్న కాయలోని గింజ అరగకుండా పెంటికతో పాటు నేలలో పడి మొలుస్తుంది. కాబట్టి జీవాలు ఏడాది పొడవునా అదే చోట తిరిగితే సర్కారు తుమ్మను విత్తుతున్నదీ అవే. గడ్డి మాత్రం పొదల వేళ్ల దగ్గర, జీవాల మూతి అందని ముళ్ల సందుల్లో కుచ్చులు కుచ్చులుగా మిగిలి ఉంది.

ఏళ్ల తరబడి బతికే గడ్డిజాతులు మన వైపు తొలకరికి వేరు నుంచి చిగురించి, వానకాలం అంతా ఎదిగి, వానలు వెనుకబట్టే వేళకు గింజ పట్టి, ఆ తర్వాత వచ్చే ఏడుకు కావలసిన బలాన్ని వేరులో దాచుకుంటాయి. ఎండిపోయాక మేసినా వాటికి పెద్దగా నష్టం లేదు. చిగురు మీద ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ కొరికితే వేరు చస్తుంది. అప్పుడు ఆ చోట ఒక్క వానకు మొలిచి రెండు నెలల్లో ఎండిపోయే పలుచని గడ్డి వస్తుంది, దాన్నీ తినేశాక జీవాలు తినని మొక్కలు మిగులుతాయి. పూర్వపు మంద మాఘంలోనో ఫాల్గుణంలోనో ఊరు విడిచిపోయి, తొలకరి తర్వాత రెండు మూడు మంచి వానలు పడి గడ్డి నిలదొక్కుకున్నాకే తిరిగి వచ్చేది. ఊరి మేతను కాపాడాలని ఎవరూ తీర్మానం రాయలేదు, కంచె వేయలేదు, కాపలా పెట్టలేదు. మంద ఊళ్లో లేకపోవడమే ఆ నేలకు కాపలాగా పనిచేసింది. ఇప్పుడు మొదటి చిగురు నుంచే అరవై జీవాలు, పక్కింటి అరవై, ఆ పక్కింటి ఇరవై అక్కడే ఉంటున్నాయి.

మధ్యాహ్నం కాలువ వైపు దిగాం. కాలువలూ ఎత్తిపోతలూ రాకముందు ఒక్క పంట తీసి ఆరేడు నెలలు ఖాళీగా ఉన్న చేలలో ఇప్పుడు రెండో పంటగా వరి నిలబడి ఉంది. ఈ కరువు నేలకు నీళ్లు రావడం ఎంత పెద్ద సంగతో ఇక్కడ పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు, నేనూ దానికి సంతోషించేవాణ్నే. అయితే పంట కోసిన చేను అనే మేత ఈ పల్లెల్లో దాదాపు లేకుండా పోయింది. మిగిలినవి గట్లు. గట్ల మీద గరిక, తుంగ ఉండాలి గానీ చాలాచోట్ల గట్టు పసుపు రంగుకు తిరిగి ఉంది. యువకుడు జీవాలను పెద్దగా అదిలించి అవతలికి తోలాడు. అది ఎండకు ఎండిన గడ్డి కాదు, మందు కొట్టిన గడ్డి. కూలీలు దొరకక రైతులు గట్ల మీద గడ్డిమందు పిచికారీ చేస్తున్నారు. పక్క ఊళ్లో నిరుడు అట్లాంటి గట్టు మేసిన తర్వాత జీవాలు చనిపోయాయని, అప్పటి నుంచి గట్టు రంగు చూడకుండా మందను దింపడం మానేశామని అతను చెప్పాడు. ఆ జీవాలు గడ్డిమందు వల్లే చనిపోయాయో, మరో రోగం వల్లో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. అతని భయం మాత్రం నా కళ్ల ముందే ఉంది. మంద నడక దారులను మూసివేసిన వాటిలో ఆ భయం కూడా ఒకటి.

మూడో రోజు, శనివారం: పెబ్బేరు

పెబ్బేరు సంత పశువులకూ జీవాలకూ పేరుపడింది. తెల్లవారకముందే జాతీయ రహదారి పక్కన డీసీఎం వ్యాన్లు బారులు తీరి ఉన్నాయి. మూడు నాలుగు నెలల పిల్లలను కొనడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన వ్యాపారులు ఎక్కువగా కనిపించారు. పిల్లను చిన్నప్పుడే అమ్మితే చేతికి డబ్బు వస్తుంది, దాన్ని మేపడానికి దూరం పోవలసిన పని తప్పుతుంది. మందలు పెంచేవాళ్లను నేను అడిగిందల్లా జీతగాళ్ల గురించి. ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని మంద వెంట నడిచే జీతగాడు ఇప్పుడు దొరకడం లేదు. కొడుకులు హైదరాబాద్‌లో డ్రైవర్లుగానో దుకాణాల్లోనో కుదురుకున్నారు. ఇద్దరు పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇంటి నుంచి మంద కదలదు.

వలస పోయేవాళ్లు కూడా ఇప్పుడు కొంత దూరం డీసీఎంలో పోతున్నారు. ఎనిమిది రోజుల నడకను ఒక రాత్రిలో దాటేయవచ్చు, రోడ్డు మీద జీవాలు లారీల కింద పడే ప్రమాదమూ ఉండదు. వాళ్ల తీరులో అది సబబే. దారిలో ఉన్న ఊళ్లకు మాత్రం ఆ ఎనిమిది రాత్రుల ఎరువు అందకుండా పోయింది.

నాలుగో రోజు, ఆదివారం: సోమశిల

వీపనగండ్ల, పెంట్లవెల్లి, కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాను. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న ఎన్నో ఊళ్లు నీట మునిగాయి. వాటి చేలతో పాటు నది ఒడ్డు మేత కూడా పోయింది. కానీ ప్రతి వేసవిలో నీరు వెనక్కి తగ్గినప్పుడు ఒండ్రు పేరుకున్న నేల మైళ్ల పొడవునా బయటపడుతుంది. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీటిలో నుంచి పైకి తేలే కాలం ఇదే. ఆ తడి నేల మీద లేత గడ్డి వస్తుంది. మునిగిన పాత మేతకు బదులుగా కాపరులు ఈ కొత్త మేతను కనిపెట్టుకున్నారు. పశువైద్య పుస్తకాల్లోనో, నీటిపారుదల లెక్కల్లోనో చోటు లేని ఈ జ్ఞానం నాకు అబ్బురంగా తోచింది.

ఆ రోజు ఒడ్డు వెంబడి నడిచినంత దూరంలో ఐదు మందలు చూశాను. వాటిలో పెద్దదైన మందలో ఆరు వందల దాకా జీవాలు ఉన్నాయి. నాలుగు ఇళ్లవాళ్లవి కలిపి తెచ్చారు. మంద పెద్ద గొల్లాయన, వయసు యాభై ఐదు ఉంటుంది, పుట్టింది వనపర్తి దిక్కు పల్లెలో. రాత్రి అక్కడే ఉండడానికి ఒప్పుకున్నాడు.

ఏ మంద ఎక్కడ మేయాలన్నది ఇక్కడ నోటి మాట మీద నడుస్తుంది. ముందు వచ్చిన మంద ఒక వాగు నోటి నుంచి ఇంకో వాగు నోటి దాకా పట్టుకుంటే, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని దాటి పోయి దిగాలి. నీళ్లకు మాత్రం ఎవరూ ఎవరినీ అడ్డుకోకూడదు. రోజూ నీరు కొంచెం కొంచెం వెనక్కి పోతుంటే మంద కూడా దాని వెంట కొత్త నేల మీదికి జరుగుతుంది, మేసిన నేలను వదిలేస్తుంది. రోగం సోకిన మంద ఉంటే అందరికీ కబురు చేసి దూరంగా దిగాలి. గాలికుంటు గానీ, పారుడు రోగం గానీ ఒక మందలో కనిపిస్తే దాని నీళ్ల చోటును మిగతావాళ్లు మార్చుకుంటారు. ఇవేవీ కాగితం మీద లేవు. కానీ మేత భూమి యాజమాన్యం అని మనం ఏ మాటతో పిలుస్తామో అది ఇదే: ఎవరు, ఎప్పుడు, ఎన్ని జీవాలతో, ఎన్నాళ్లు అన్నది తేల్చుకోవడం. దాన్ని పాటించే మందలు తగ్గిపోతే, తగ్గినకొద్దీ ఆ కట్టుబాటు తెలిసినవాళ్లూ తగ్గిపోతారు. ఈ ఏడు ఒడ్డు మీదికి కొత్తగా వచ్చిన ఒక చిన్న మందవాళ్లు వాగు హద్దు తెలియక పక్క మంద మేతలో దిగారని, రెండు రోజులు గొడవ నడిచిందని గొల్లాయన బాధగా చెప్పాడు. బయటపడిన ఒండ్రు నేలలో కొంత దూరం రైతులు పంట వేస్తున్నారు కాబట్టి గొడవలు వాళ్లతోనూ ఉన్నాయి.

చీకటి పడ్డాక వల కట్టి జీవాలను లోపలికి తోలారు. పుట్టి రెండు రోజులైన పిల్లలను గంపల కింద మూశారు. జొన్నరొట్టె తింటూ గొల్లాయనను తొలకరి సంగతి అడిగాను. మొదటి వాన పడగానే ఊరికి ఎందుకు పోరు? ఆయన చెప్పిన కారణం గడ్డి కోసం కాదు, జీవాల ప్రాణం కోసం. ఎండుగడ్డి మీద ఉన్న జీవం ఒక్కసారిగా లేత చిగురు మీద పడి కడుపు నిండా మేస్తే చిటుక రోగం వచ్చి, సాయంత్రం బాగున్నది తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. “అందుకే మిరుగు దాటి, గడ్డి ముదిరినంకనే ఇంటి మొకం వడుతం. గాలికి వచ్చే రోగం గాదు సారు, తొందరకు వచ్చే రోగం అది,” అన్నాడు. ఇప్పుడు చిటుక రోగానికి టీకా ఉంది, వానకాలం ముందు పశువైద్యశాలల్లో వేస్తారు. జీవాన్ని కాపాడే పనిని టీకా చేస్తుంది. చిగురు దగ్గరికి ఆ జీవాన్ని రాకుండా ఆపిన భయం పోయింది. టీకా వద్దని నేను అనడం లేదు. ఆ భయం చేసిన రెండో పని, గడ్డిని నిలదొక్కుకోనివ్వడం, ఇప్పుడు ఎవరి బాధ్యత అన్నది మాత్రం ఎవరూ తేల్చలేదు.

అర్ధరాత్రి దాటాక కుక్కలు ఒక్కసారిగా అరిచాయి. గొల్లాయన లేచి టార్చి వేసి వల చుట్టూ తిరిగి వచ్చాడు. తోడేలు అయి ఉంటుందన్నాడు గానీ నాకు ఏమీ కనిపించలేదు. తర్వాత తెల్లవారేదాకా నేను నిద్రపోలేదు. జీవాలు నెమరు వేసే చప్పుడు వింటూ పడుకుంటే చిన్నప్పుడు మా చెలక గట్టు మీద తాత పక్కన పడుకున్న రాత్రులు గుర్తుకు వచ్చాయి. పొద్దున బయలుదేరేటప్పుడు ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను.

ఐదో రోజు, సోమవారం: లింగాల, మన్ననూరు

లింగాల దగ్గర ఒక తండాలో పొడ తూర్పు ఆవులను చూశాను. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు పొడలు, గట్టి గిట్టలు. రాళ్ల గుట్టలెక్కి మేసే ఈ జాతిని పశుజాతుల జాతీయ రిజిస్టరులో ప్రత్యేక జాతిగా నమోదు చేశారు. వీటి ఎద్దుల కోసం దూరం నుంచి రైతులు వచ్చేవాళ్లు. ఈ జాతి నల్లమలలో మేసి నల్లమల కోసమే తయారైనది. ఎండాకాలంలో మందలు లోపలి లోయల దాకా, కృష్ణ నీటి దాకా దిగి, వానలకు తిరిగి పైకి వచ్చేవి. జాతికి గుర్తింపు వచ్చింది గానీ, దాన్ని ఆ జాతిగా నిలిపిన నడకకు దారి మూసుకుపోతున్నది.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం కోర్ ప్రాంతం. అక్కడ పశువులను మేపడం నిషేధం. దీనికి కారణాలు ఉన్నాయి. ఊరి పశువుల నుంచి గాలికుంటు లాంటి రోగాలు దుప్పుల లాంటి అడవి జంతువులకు అంటవచ్చు. పులికి ఆహారమయ్యే జంతువుల మేతను పశువులు తినేస్తాయి. కొత్త చిగురు కోసం కొందరు కాపరులు అడవికి నిప్పు పెట్టిన మాటా నిజమే. పులి ఉండాలని నేనూ కోరుకుంటాను. అయితే మన్ననూరు దాటి రోడ్డు పక్కన నడిచినప్పుడు, మోకాలి ఎత్తు ఎండిన బోదగడ్డి, దాని మధ్య మేతకు పనికిరాని కంప పొదలు విడవకుండా కనిపించాయి. ఈ ఎండుగడ్డి వేసవిలో అంటుకుంటే ఆర్పడానికి అటవీ సిబ్బంది పడే పాట్లు అంతా ఇంతా కాదు, అందుకే వాళ్లు మంట దాటకుండా చలికాలం నుంచే అగ్గిగీతలు చెక్కుతుంటారు. ఒకప్పుడు ఈ గడ్డిలో కొంత మందలు మేసేవి.

నల్లమలకు ఆవలి పక్క పల్నాడులో అడవి మేత మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన పుల్లరి పన్నును ఎదిరించి కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకీ గుండ్లకు బలయ్యాడు. ఆ పోరాటమంతా పన్ను గురించి. పన్ను కడితే అడవిలోకి పోవచ్చు అన్నది అప్పటికి రెండు వైపులా ఒప్పుకున్న మాట. ఈనాడు తగవు అడుగు పెట్టడం గురించే. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో స్థిరంగా ఉండే వాళ్లకే కాక, కాలానుగుణంగా మందలతో వచ్చిపోయే సంచార పశుపోషకులకు కూడా మేత హక్కు ఉందని స్పష్టంగా రాసి ఉంది. ఆ హక్కును కోరాలంటే గ్రామసభ ద్వారా దరఖాస్తు చేయాలి. ఏ గ్రామసభ? ఏడాదిలో నాలుగు నెలలు ఇక్కడ, ఎనిమిది నెలలు మక్తల్‌లో ఉండేవాడి దరఖాస్తును ఏ సభ తీసుకోవాలన్న చిక్కుముడిలో ఆ హక్కు ఆగిపోయింది. నేను మాట్లాడిన కాపరుల్లో ఒక్కరూ దరఖాస్తు పెట్టినవాళ్లు లేరు.

మన్ననూరులో ఒక చెంచు వృద్ధురాలితో మాట్లాడాను. అప్పాపూరు పెంట, దోమలపెంట, ఈగలపెంట అంటూ అడవిలోని ఊళ్ల పేర్లు చెప్పి, ఈ పేర్లలో పెంట ఎందుకు వచ్చిందని అడిగితే, “మందలు దిగేటియి గద కొడుకా, పెంట వడేది,” అన్నది. ఆమె అత్త కాలంలో కాపరులు మందను ఒక చోట దించి, చెంచుల ఇళ్లకు పాలూ పెరుగూ ఇచ్చి, అడవిలో తప్పిపోయిన పశువులను వెతికిపెట్టినందుకు గింజలు ఇచ్చేవాళ్లట. ఆ సంబంధంలో తగవులు లేవని కాదు. తేనెపట్టు ఉన్న చెట్ల కొమ్మలు మేతకు నరికారని చెంచులు కాపరులతో పోట్లాడిన సంగతీ ఆమే చెప్పింది. పోట్లాడుకోవడానికైనా అప్పుడు ఇద్దరూ అక్కడ ఉన్నారు.

ఆరో రోజు, మంగళవారం: దిండి, దేవరకొండ

హాజీపూర్ మీదుగా దిండి వచ్చాను. దిండి చెరువు శిఖంలో ఒకప్పుడు ఇరవై మందలు దిగేవని టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి చెప్పాడు. ఆ ఉదయం నాకు కనిపించింది రెండు. ఆ ఇద్దరు కాపరులూ సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ వైపు వరి కోతల కోసం ఎదురుచూస్తున్నారు. కోతలు ఏ ఊళ్లో మొదలయ్యాయో తెలుసుకోవడానికి వాళ్లు ఫోన్ చేసేది వరికోత మిషన్ డ్రైవర్లకు. మిషన్ చేను దిగిన రోజు తెలిస్తే, గడ్డికి నిప్పు పెట్టేలోపు మందను తోలుకుపోవచ్చు. చుక్కలూ గాలీ చూసి కదిలిన మందను ఇప్పుడు మిషన్ డ్రైవర్ కదిలిస్తున్నాడు. ఈ కొత్త ఏర్పాటును చూసి నాకు ధైర్యం కలిగింది. దారి పూర్తిగా మూసుకుపోయే దాకా వీళ్లు వెతుకుతూనే ఉంటారు.

మధ్యాహ్నానికి మా ఊరు చేరాను. మందచెలకలో ఇప్పుడు బత్తాయి తోట ఉంది. పదేళ్ల కింద తమ్ముడు వేశాడు. చుట్టూ ముళ్ల తీగ, ఒక ఇనుప గేటు. గేటు పక్కన గొర్రె ఎరువు కుప్ప పోసి ఉంది. ఎక్కడి నుంచి తెచ్చావని అడిగితే, ట్రాక్టరు లోడు లెక్కన కొన్నానని, నిరుటి కంటే ఈ ఏడు ధర పెరిగిందని చెప్పాడు. ఆ ఎరువు షెడ్డులో కట్టేసి పెంచిన గొర్రెలది. మంద దిగితే పెంటిక మాత్రమే కాదు, మూత్రం కూడా నేరుగా నేలలో ఇంకుతుంది. ట్రాక్టరులో వచ్చే ఎరువులో అది చాలా మటుకు పోయి ఉంటుంది. ఈ సంగతి తమ్ముడికి నేను చెప్పనక్కరలేదు, తాత చెప్పగా ఇద్దరం కలిసి విన్నదే.

చెట్లు ఎదిగాయి కాబట్టి, కాయ కోత అయిన తర్వాత సాళ్ల మధ్య మందను నాలుగు రాత్రులు దింపుకుంటే ఎట్లా ఉంటుందని అడిగాను. తమ్ముడు వెంటనే ఒప్పుకోలేదు. జీవాలు కింది కొమ్మలు కొరుకుతాయని, డ్రిప్పు పైపులు తొక్కుతాయని అన్నాడు. పైపులు చుట్టి పెట్టుకోవచ్చు, కొమ్మల సంగతి కాపరి చూసుకుంటాడు అన్నాను. మరదలు, “వాళ్లొస్తే జొన్నలు కాదు, బియ్యమే పోస్తం బావా, ముందు వాళ్లను రమ్మనండి,” అన్నది. చాలాసేపటికి తమ్ముడు, “సరే, అడుగన్నా,” అన్నాడు.

సాయంత్రం సోమశిల ఒడ్డున ఉన్న గొల్లాయనకు ఫోన్ చేశాను. ఊరి పేరు చెప్పగానే ఆయనకు దారి తెలుసు, వాళ్ల నాయన ఆ వైపు మంద తోలిన మనిషే. ఆయన ధర అడగలేదు, ఎన్ని రాత్రులని అడగలేదు. నీళ్లు ఉన్నాయా అని అడిగాడు, బోరు ఉందన్నాను. గట్ల మీద, సాళ్లలో ఈ ఏడు గడ్డిమందు కొట్టారా అని అడిగాడు. నేను తమ్ముడి వైపు చూశాను. సంక్రాంతి తర్వాత ఒకసారి కొట్టానని తమ్ముడు మెల్లగా అన్నాడు. ఆ మాటే ఫోన్‌లో చెప్పాను.

కాసేపు అవతలి నుంచి జీవాల చప్పుడు, కుక్క అరుపు మాత్రమే వినిపించాయి. “అయితే ఈ ఏడు వద్దు సారు,” అన్నాడు ఆయన. “వచ్చే ఏడు కొట్టకుండ్రి. ఉగాదికి ముందు ఒకపారి నాకు ఫోన్ చెయ్యి.”